తొలి కొండ పరుగు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే కోవకు చెందినవి. రాసినవాళ్లు రోడ్డు మీద 21, 42 కిలోమీటర్లు పరుగెత్తి ఉన్నారు. ఇప్పుడు మొదటిసారి కొండదారి రేసుకు పేరిచ్చారు. దూరం 50 కిలోమీటర్ల చుట్టుపక్కల, మొత్తం ఎక్కుడు రెండు మూడు వేల మీటర్లు. అందరి భయమూ ఎక్కడం గురించే. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే కాసేపు నిలబడి ఊపిరి తీసుకోవచ్చు. దిగేటప్పుడు తొడలు దెబ్బతింటే మాత్రం ఆ రోజుకు అవి మళ్లీ మీ మాట వినవు. అందుకే ఈ జవాబుల్లో దిగుడు గురించి పదేపదే చెప్పాం.

ప్రశ్న: మారథాన్ నాలుగున్నర గంటల్లో పూర్తిచేశాను. ఐదు నెలల్లో 50 కిలోమీటర్ల కొండ రేసు ఉంది, ఎక్కుడు మొత్తం 2,500 మీటర్లు, గడువు 13 గంటలు. రోడ్డు లెక్కన ఐదున్నర గంటలు వేసుకున్నాను. సరేనా?

జవాబు: ఆ అంచనాను పక్కన పెట్టేయండి. మీకు దాదాపు దానికి రెట్టింపు సమయం పడుతుంది.

కొండ పరుగులో దూరాన్నీ ఎత్తునూ కలిపి చూస్తారు. ఎక్కే ప్రతి 100 మీటర్లకూ ఒక కిలోమీటరు అదనంగా కలపాలి. మీ రేసు 50 + 25, అంటే 75 శ్రమ కిలోమీటర్లు. అంతర్జాతీయ ట్రయల్ రన్నింగ్ సంఘం ఐట్రా రేసులను తరగతులుగా విడగొట్టేది ఈ లెక్కతోనే. 75 నుంచి 114 దాకా ‘ఎం’ తరగతి, కాబట్టి మీది దాని మొదటి మెట్టు మీద ఉంది.

ఇప్పుడు మీ వేగం తెలుసుకోవాలి. ఏదైనా వాలు దారిలో, రేసు రోజున మోసే సంచీతోనే, 20 కిలోమీటర్లు వెయ్యి మీటర్ల ఎక్కుడుతో ఒకసారి వెళ్లి రండి. అది 30 శ్రమ కిలోమీటర్లు. నాలుగు గంటలు పట్టిందనుకుంటే గంటకు 7.5 చొప్పున వెళ్లారు. ఆ లెక్కన 75కు పది గంటలు కావాలి. అయితే చివరి మూడో వంతులో వేగం తగ్గి తీరుతుంది, ఆగే చోట్ల నిమిషాలు కరిగిపోతాయి. దానికి పది పదిహేను శాతం కలిపితే పదకొండు, పదకొండున్నర గంటలు. ఈ సంఖ్యను నమ్ముకోండి.

గడువు ఎంత కఠినమో తెలియాలంటే ఇంకో కొలత ఉంది. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో నడకవాళ్ల కోసం ఒక సూత్రం ఇచ్చాడు. చదునున గంటకు సుమారు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకూ ఇంకో గంట. దాని ప్రకారం మీ రేసుకు 14 గంటలు దాటుతుంది. అంటే మొత్తం నడిచి గడువు అందుకోలేరు. చదునులోనూ, దిగుడులోనూ పరుగెత్తి తీరాలి.

చివరి గడువు ఒక్కటే చూసి ఊరుకోకండి. మధ్యలో ప్రతి చెక్‌పాయింటుకూ వేరే కటాఫ్, అంటే అక్కడికి చేరాల్సిన ఆఖరి సమయం, ఉంటుంది. చాలా రేసుల్లో మొదటి ఒకటి రెండు కటాఫ్‌లే బిగుతుగా ఉంటాయి. పెద్ద ఎక్కుడు ముందే వస్తే మరీను. ఒక్కో చెక్‌పాయింటుకూ దూరం, అక్కడిదాకా ఎక్కుడు, శ్రమ కిలోమీటర్లు, మీరు చేరే సమయం, కటాఫ్ చిన్న కాగితం మీద రాసుకుని ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి. అలసిన బుర్రకు కూడికలు రావు.

ఒక్క హెచ్చరిక. ఈ లెక్క దారి స్వభావాన్ని చూడదు. బండరాళ్లు, వేర్లు, బురద ఉన్న దారిలో అదే 75 శ్రమ కిలోమీటర్లకు ఇంకో రెండు గంటలు పట్టవచ్చు. సముద్రమట్టానికి 2,500 మీటర్ల పైన సాగే దారి అయితే గాలి పలచబడడం వల్ల కూడా వేగం పడిపోతుంది. అక్కడ తలనొప్పి, వికారం మొదలైతే ఇంకా పైకి పోకండి.

ప్రశ్న: మేముండేది పూర్తిగా చదును నేల. కొండ లేకుండా కొండ రేసుకు తయారు కావడం సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే. ఎక్కడానికి మేడమెట్లు, వాలు పెట్టుకునే ట్రెడ్‌మిల్ బాగా పనికొస్తాయి. పది అంతస్తుల మేడ ఎక్కితే సుమారు 30 మీటర్లు. ఇరవై సార్లు ఎక్కితే 600 మీటర్లు. ట్రెడ్‌మిల్‌ను 12 శాతం వాలులో పెట్టి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో గంటసేపు నడిచినా అదే 600 మీటర్లు. వారానికి 300 మీటర్లతో మొదలుపెట్టి, నెల నెలా పెంచుతూ, రేసుకు నెల ముందు వారానికి 1,500 మీటర్ల దాకా తీసుకురండి. ప్రతి నాలుగో వారం సాధనను మూడో వంతు తగ్గించండి. ఒళ్లు గట్టిపడేది ఆ తగ్గించిన వారంలోనే.

అయితే ట్రెడ్‌మిల్ మిమ్మల్ని ఎక్కిస్తుందే గానీ దించదు. చదును నేల వాళ్లకు అసలు లోటు ఇదే. దిగేటప్పుడు ప్రతి అడుగుకూ తొడ ముందు కండరం ఒంటి బరువును ఆపుతూ, అదే క్షణంలో సాగుతుంది. ఇలా సాగుతూ బలం పెట్టడం వల్ల పోగులకు కంటికి కనిపించని చిరుగులు పడతాయి. సాధన లేని కాళ్లకు 25వ కిలోమీటరు దగ్గర తొడలు వణకడం, మోకాలు మడతపడడం అందుకే. శుభవార్త ఏమిటంటే ఈ కండరం చాలా త్వరగా నేర్చుకుంటుంది. ఒక్కసారి గట్టిగా దిగుడు సాధన చేసినా, కొన్ని వారాల పాటు తర్వాతి దెబ్బ అంత బలంగా తగలదు.

కాబట్టి మేడ దగ్గర మామూలుగా చేసేదానికి తలకిందులుగా చేయండి. వారంలో ఒక రోజు లిఫ్టులో పైకి వెళ్లి, మెట్ల మీదుగా వడివడిగా దిగండి. మొదటి వారం ఐదు సార్లు చాలు. ఉత్సాహంగా ఇరవై సార్లు దిగితే నాలుగు రోజులు కుర్చీలోంచి లేవలేరు. వారానికి రెండు రోజులు బల పెంపు కూడా కావాలి. మోకాలి కిందివరకు వచ్చే ఎత్తు పీట మీద ఒంటికాలిపై నిలబడి, మూడు అంకెలు లెక్కపెడుతూ రెండో కాలి మడమను నేలకు ఆనించి, మళ్లీ పైకి లేవాలి. ఒక్కో కాలికి పన్నెండు చొప్పున మూడు విడతలు. మోకాలు లోపలికి వాలకుండా పాదం వేళ్ల దిశలోనే ఉండాలి. వాలిపోతోందంటే పీట ఎత్తు తగ్గించండి.

శని, ఆదివారాలు వరుసగా రెండు పొడవైన పరుగులు పెట్టుకోవడం కొండవాళ్ల పాత పద్ధతి. శనివారం నాలుగైదు గంటలు, ఆదివారం అలసిన కాళ్లతో రెండు మూడు గంటలు. 50 కిలోమీటర్లూ ముందే పరుగెత్తి చూడాల్సిన పనిలేదు. ఆరు గంటల సాధన ఒక్కటి, రేసుకు నాలుగు వారాల ముందు, సరిపోతుంది. గట్టి దిగుడు సాధన ఆఖరుది రేసుకు రెండున్నర వారాల ముందు ముగించండి. చివరి రెండు వారాల్లో మొదట నలభై శాతం, తర్వాత అరవై శాతం తగ్గించాలి. ఆ రోజుల్లో కాళ్లు బరువుగా అనిపించి, ఏదో పోగొట్టుకుంటున్నామన్న కంగారు పుడుతుంది. ఆ కంగారుకు లొంగి చివరి వారం పొడుగు పరుగు పెట్టుకుంటే నిజంగానే పోగొట్టుకుంటారు.

ప్రశ్న: ఎక్కేచోట నడిస్తే పరుగు పందెం అని ఎందుకనాలి? ముందున్నవాళ్లు పరుగెత్తుతుంటే నడవడానికి సిగ్గుగా ఉంటుంది.

జవాబు: సిగ్గు వద్దు. నిటారు వాలులో, ఒకే వేగంతో పైకి పోతున్నప్పుడు, నడక పరుగు కంటే తక్కువ శక్తి తీసుకుంటుంది. వాలు 15 శాతం దాటాక మనలాంటి మామూలు పరుగువాళ్లకు నడకే లాభం. అల్బెర్టో మినెట్టి బృందం 2002లో ప్రచురించిన కొలతల్లో ఇంకో సంగతి కూడా ఉంది. పరుగుకు అతి తక్కువ శక్తి ఖర్చయ్యేది చదునులో కాదు, సుమారు 20 శాతం దిగుడులో. అంటే దిగుడు ఊపిరికి చవక, కండరాలకు ఖరీదు. మీ సమయం తగ్గించుకునే అవకాశం కూడా అక్కడే ఉంది.

నడక కూడా నేర్చుకోవాల్సిన పనే. అడుగు చిన్నది వేయండి, మడమ వీలైనంత నేలకు ఆననివ్వండి. వేళ్ల మీదే ఎక్కితే పిక్కలు పట్టేస్తాయి. మరీ నిటారుగా ఉంటే అరచేతులతో మోకాలి పైభాగాన్ని నొక్కుతూ ఎక్కండి. నడుము దగ్గర మడతపడకుండా, చీలమండల నుంచే కొంచెం ముందుకు వాలాలి. ఒక పూర్తి వాక్యం ఆగకుండా చెప్పగలిగితే వేగం సరైనది. రెండు మాటలకే ఊపిరి తెగితే తగ్గించండి. మొదటి గంటలో అయితే ఈ నియమాన్ని ఏ పరిస్థితిలోనూ దాటకండి. తొలి ఎక్కుడులో సంపాదించిన ఐదు నిమిషాలకు చివర గంట కట్టాల్సి వస్తుంది.

పోల్స్, అంటే రెండు చేతుల్లో పట్టుకునే ఊతకర్రలు, వాడాలా అని చాలామంది అడిగారు. వెయ్యి మీటర్లకు మించిన ఎక్కుడుంటే వాడమనే మా సలహా, కానీ కనీసం రెండు నెలలు వాటితో సాధన చేశాకే. చదును నేలపై మొన ఆనించి పట్టుకుంటే మోచెయ్యి లంబకోణంలో ఉండాలి. సుమారుగా మీ ఎత్తులో 68 శాతం, అంటే 170 సెంటీమీటర్ల మనిషికి 115. పట్టీలోకి చెయ్యి కింద నుంచి పైకి దూర్చి, పట్టీనీ పిడినీ కలిపి పట్టుకోవాలి. అప్పుడు బరువు పట్టీ మీద పడుతుంది, వేళ్లు అలసిపోవు. జనం గుంపుగా ఉన్నప్పుడు మొనలు వెనక్కి ఊపకండి, వెనక వచ్చేవాళ్ల మొహం అంత ఎత్తులోనే ఉంటుంది. రేసు నిబంధనలు కూడా చూసుకోండి. మొదట్లో తీసుకెళ్లినవాళ్లు చివరిదాకా మోయాలనే రేసులున్నాయి, అసలు వద్దనేవీ ఉన్నాయి.

ప్రశ్న: దిగుడులో నాకు భయం. వెనక్కి వాలిపోతాను. ప్రతిసారీ బొటనవేళ్ల గోళ్లు నల్లబడతాయి.

జవాబు: రెండింటికీ కొంతవరకు ఒకే కారణం. వెనక్కి వాలి, కాలు ముందుకు చాచి, మడమతో బ్రేకు వేస్తున్నారు. అలా వేసిన ప్రతి అడుగుకూ దెబ్బ నేరుగా మోకాలికీ తొడకూ పోతుంది. పాదం బూటులో ముందుకు జారి వేలు కొసకు కొట్టుకుంటుంది. గులకరాళ్ల మీద జారిపడేది కూడా వెనక్కి వాలినవాళ్లే, ఎందుకంటే బరువు పాదం మీద లేనప్పుడు బూటు అడుగు నేలను పట్టుకోలేదు.

అడుగులు చిన్నవిగా, త్వరత్వరగా పడాలి, పాదం నడుము కిందనే ఆనాలి. మోకాలు ఎప్పుడూ కొంచెం వంగి ఉండాలి. చేతులు పక్కలకు తెరిచి ఉంచితే తూకం నిలుస్తుంది. చూపు పాదాల మీద కాదు, మూడు నాలుగు మీటర్ల ముందు. అక్కడ చూసిన రాయిని కాలు గుర్తుపెట్టుకుంటుంది, ఆశ్చర్యమే గానీ నిజం. వేగం తగ్గించాలంటే అడుగును ఇంకా చిన్నది చేయండి, మడమ తన్నకండి. సాధనకు 50 మీటర్ల పొడవున్న మోస్తరు వాలు ఒకటి ఎంచుకుని, అదే వాలును పదిసార్లు దిగండి. దారి తెలిసినకొద్దీ భయం తగ్గి, ఒళ్లు దానంతటదే ముందుకు వస్తుంది. రేసులో మొదటి దిగుడును మాత్రం మీకు చేతనైనదానికన్నా నెమ్మదిగా దిగండి.

ఇక గోళ్లు. బూటులో పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. గంటల తరబడి నడిచాక పాదం ఉబ్బుతుంది కాబట్టి సాయంత్రం పూట, రేసు మేజోళ్లతోనే కొలత చూసుకోండి. గోళ్లను రేసుకు రెండు మూడు రోజుల ముందు అడ్డంగా కత్తిరించి, అంచు నున్నగా రాయండి. లేసులు కట్టేటప్పుడు అన్నిటికంటే పైన ఉండే అదనపు రంధ్రం ఊరికే లేదు. రెండు పక్కలా అందులో చిన్న ఉచ్చు చేసి, ఎదుటి లేసును ఆ ఉచ్చులోంచి తీసి బిగిస్తే మడమ కదలదు, పాదం ముందుకు జారదు. పెద్ద దిగుడుకు ముందు ఆగి ఈ ముడి బిగించుకోవడానికి ఒక్క నిమిషం పెట్టండి. బూటు అడుగున ఉండే పళ్లు 4, 5 మిల్లీమీటర్లుంటే చాలా దారులకు సరిపోతాయి. మెత్తని బురదకు ఇంకా పొడవైనవి కావాలి. కొత్త బూట్లతో కనీసం 60 కిలోమీటర్లు తిరగకుండా రేసుకు రావద్దు.

ప్రశ్న: 30 కిలోమీటర్ల సాధనలో జెల్ (పొట్లంలో వచ్చే చిక్కని తీపి ముద్ద) మింగగానే వాంతి. అసలు ఎంత తినాలి? తినకుండా లాగించలేమా?

జవాబు: పదకొండు గంటలు తినకుండా లాగించలేరు. ఒంట్లో నిలవ ఉండే పిండిపదార్థం మహా అయితే రెండు మూడు గంటల గట్టి శ్రమకు వస్తుంది. తర్వాత కొవ్వు ఉన్నా అది అంత త్వరగా శక్తి ఇవ్వలేదు.

కడుపు ఎదురుతిరగడానికి కారణం జెల్ ఒక్కటే కాదు. గట్టిగా ఎక్కుతున్నప్పుడు రక్తం కాళ్లకూ చర్మానికీ పోతుంది, పేగులకు తక్కువ దక్కుతుంది. ఎండ, నీటి లోటు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. ఆ సమయంలో చిక్కని తీపి లోపలికి పోతే, దాన్ని పలచబరచడానికి ఒళ్లే పేగులోకి నీళ్లు పంపాలి. దాంతో ఉబ్బరం, వికారం. జెల్‌ను తీపి స్పోర్ట్స్ డ్రింక్‌తో కలిపి మింగడం చాలామంది చేసే తప్పు. జెల్‌కు తోడు మామూలు నీళ్లే, కనీసం 150 మిల్లీలీటర్లు.

గంటకు 50 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తొలి రేసుకు మంచి లక్ష్యం. గ్లూకోజును మాత్రమే తీసుకుంటే పేగు గంటకు సుమారు 60 గ్రాములు లోపలికి పంపగలదు. ఫ్రక్టోజు వేరే ద్వారం గుండా పోతుంది. అందుకే రెండూ కలిసిన పానీయాలతో అనుభవం ఉన్నవాళ్లు 90 దాకా తీసుకుంటారు. మీరు ఇప్పుడే అక్కడికి పోవద్దు. కడుపుకూ సాధన కావాలి. వారానికో పొడుగు పరుగులో గంటకు 30 గ్రాములతో మొదలుపెట్టి, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో 60కి రండి.

లెక్క చూద్దాం. గంటకు 55 గ్రాముల చొప్పున 11 గంటలకు 605 గ్రాములు. ఒక్కో జెల్‌లో 25 గ్రాములుంటే 24 జెల్స్. ఎవరూ అన్ని మింగలేరు, ఎనిమిదో జెల్ దగ్గరే నోరు మొరాయిస్తుంది. సగం పానీయంలో పెట్టుకోండి: గంటకు అర లీటరులో 30 గ్రాములు. మిగిలింది మొదటి సగంలో ఉడికించి ఉప్పద్దిన బంగాళాదుంప ముక్కలు, అరటిపండు, బ్రెడ్డు లాంటి నమిలేవి. కాళ్లు బరువెక్కే రెండో సగానికి జెల్స్ దాచుకోండి. తీపి మీద విరక్తి పుట్టడం మామూలే, కాబట్టి ఉప్పటిది ఒకటైనా సంచిలో ఉండాలి.

ఎప్పుడు తినాలన్నదీ ముఖ్యమే. గడియారంలో 25 నిమిషాలకోసారి మోగేలా పెట్టుకుని, మొదటి అరగంట నుంచే తినండి. ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే. నడిచే ఎక్కుడులో తినండి, దిగుడులో వద్దు. దిగేటప్పుడు కడుపు కుదుపులకు ఏదీ నిలవదు. అయినా వికారం వస్తే పదిహేను, ఇరవై నిమిషాలు వేగం బాగా తగ్గించండి, తల మీద నీళ్లు పోసుకోండి, గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగండి. కుదుటపడ్డాక చిన్న ముక్క ఏదైనా నమిలి చూడండి. ఒక్కోసారి వాంతి అయితేనే తేలికపడి, మళ్లీ తినగలుగుతారు, అదేమీ రేసు ముగిసిపోయినట్టు కాదు. రేసుకు ముందు రోజు సాయంత్రం నుంచి పీచు, కొవ్వు ఎక్కువున్నవి తగ్గించండి.

ప్రశ్న: దాహం వేయకముందే తాగాలని కొందరు, దాహం వేస్తేనే తాగాలని కొందరు అంటున్నారు.

జవాబు: దాహాన్ని బట్టే తాగండి. చాలామందికి గంటకు 400 నుంచి 800 మిల్లీలీటర్ల మధ్య పడుతుంది. మీ చెమట లెక్క ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గంట పరుగుకు ముందూ తర్వాతా ఒళ్లు తుడుచుకుని, బట్టల్లేకుండా బరువు చూసుకోండి. 62.0 కిలోలు 61.4 అయి, మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగి ఉంటే, చెమట గంటకు 900 మిల్లీలీటర్లు. అదంతా తిరిగి పోసుకోనక్కర్లేదు. పొడుగు శ్రమలో బరువు రెండు శాతం దాకా తగ్గడం సహజం.

అతిగా తాగడం తక్కువ తాగడం కంటే ప్రమాదకరం కావచ్చు. రక్తంలో సోడియం పలచబడి మెదడు వాస్తుంది. ఉంగరం బిగుసుకోవడం, చేతులు ఉబ్బడం, తలనొప్పి, వాంతి, తికమక, ఆపైన మూర్ఛ. ప్రాణం పోయిన సందర్భాలూ ఉన్నాయి. తికమకపడుతున్న మనిషికి ‘నీళ్లు తక్కువయ్యాయి’ అనుకుని ఇంకా నీళ్లు పట్టించకండి, వైద్య సిబ్బందికి అప్పగించండి. లీటరుకు 300 నుంచి 600 మిల్లీగ్రాముల సోడియం ఉన్న పానీయం మంచిది. గ్రాము ఉప్పులో సుమారు 400 మిల్లీగ్రాములు ఉంటుంది. కానీ ఉప్పు మాత్రలు మింగుతున్నాం కదా అని నీళ్లు ఎక్కువ తాగితే ఆ మాత్రలు కాపాడవు.

రేసులో ఇబుప్రొఫెన్ జాతి నొప్పి మాత్రలు వేసుకోకండి. శ్రమకూ నీటి లోటుకూ కిడ్నీలకు అసలే రక్తం తగ్గి ఉంటుంది. ఈ మాత్రలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి.

ప్రశ్న: వాతావరణం నిర్మలంగా ఉంటుందని సూచన. అయినా వాన జాకెట్టు, రేకు దుప్పటి, రెండు లైట్లు తప్పనిసరి అంటున్నారు. ఈ బరువు తగ్గించుకోలేమా?

జవాబు: తగ్గించుకోకండి. సూచన కింది లోయకు ఇచ్చింది కావచ్చు. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ వేడి సుమారు 6.5 డిగ్రీలు పడిపోతుంది. చెమటతో తడిసిన బట్టల మీద గాలి కొడితే ఒంటి వేడి నిమిషాల్లో లాగేస్తుంది. 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో ఎల్లో రివర్ స్టోన్ ఫారెస్ట్ 100 కిలోమీటర్ల రేసులో 172 మంది బయలుదేరారు. ఎత్తైన చోట ఒక్కసారిగా చలిగాలి, వాన, వడగళ్లు విరుచుకుపడ్డాయి. 21 మంది చనిపోయారు. వాళ్లలో దేశంలోకెల్లా గొప్ప పరుగువీరులూ ఉన్నారు. బలం, వేగం చలి నుంచి కాపాడలేదు.

జాకెట్టుకు టోపీ ఉండాలి, కుట్ల మీద లోపలి వైపు పట్టీ అతికించి ఉండాలి. పెద్ద రేసులు నీటి నిరోధం (బట్ట ఎంత ఎత్తు నీటి ఒత్తిడిని ఆపగలదో చెప్పే కొలత) 10,000 మిల్లీమీటర్లన్నా ఉండాలని అడుగుతాయి. గాలిని మాత్రమే ఆపే పలచని జాకెట్టు దీనికి బదులు కాదు. చలి పుట్టాక కాదు, శిఖరం దగ్గర పడుతుండగానే, వేళ్లు ఇంకా జిప్పు లాగగలిగినప్పుడే తొడుక్కోండి. రేకు దుప్పటిని జాకెట్టు మీద కప్పితే గాలి ఎగరేసుకుపోతుంది, లోపల చుట్టుకోండి. ఎదుటివాళ్ల మాట తడబడుతుంటే, అడుగు తూలుతుంటే, ముఖ్యంగా వణుకుతున్నవాళ్లు వేడెక్కకుండానే వణకడం ఆపేస్తే, అది అత్యవసరం. వాళ్లను వదిలి ముందుకు పోకండి. విజిల్ నిమిషంలో ఆరుసార్లు ఊదాలి, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరుసార్లు. కొండల్లో సాయం కోరే గుర్తు అదే. నిమిషానికి మూడుసార్లు వినిపిస్తే మీ పిలుపు అందిందని అర్థం.

తలలైటు వెలుగు 200 ల్యూమెన్లు ఉంటే చాలు. మంచు కమ్మినప్పుడు నుదుటి మీది వెలుగు తెల్లగా తిరిగి కళ్లలోకే కొడుతుంది. అప్పుడు లైటును నడుముకు కట్టుకుంటే రాళ్ల నీడలు కనిపించి ఎత్తుపల్లాలు తెలుస్తాయి. రెండో లైటు ఎందుకంటే, మొదటిదాని బ్యాటరీ చీకట్లో మార్చుకోవడానికి వెలుగు కావాలి కాబట్టి.

చొక్కాలా తొడుక్కునే వెస్టు సంచిలో నీళ్లు ముందు జేబుల్లో, తరచూ తీసేవి పక్క జేబుల్లో, జాకెట్టు అన్నిటికన్నా పైన. మొత్తం బరువుతో కనీసం మూడు పొడుగు పరుగులు చేస్తేనే ఎక్కడ ఒరుసుకుంటుందో తెలుస్తుంది.

ప్రశ్న: బొబ్బలు, తొడలు ఒరుసుకోవడం?

జవాబు: తడి, వేడి, రాపిడి కలిస్తే బొబ్బ. రాపిడి తెలిసిన చోట రేసు ముందే జింక్ ఆక్సైడ్ టేపు, మూలలు గుండ్రంగా కత్తిరించి, పొడి చర్మం మీద అతికించండి. మూలలు గుండ్రంగా లేకపోతే పొరలా లేచి అదే గాయం చేస్తుంది. తొడలు, చంకలు, సంచి పట్టీలు తగిలే చోట్లకు వాజలిన్. దారిలో పాదం ఒకచోట మండినట్టు అనిపిస్తే ఆ క్షణమే ఆగండి. ఇసుక దులిపి టేపు వేయడానికి మూడు నిమిషాలు చాలు.

ప్రశ్న: దారి తప్పితే?

జవాబు: గుర్తు రిబ్బను కనిపించి ఐదు నిమిషాలు దాటిందంటే, చివరి రిబ్బను దాకా వెనక్కి రండి. అడ్డదారిన కలుద్దామని చూడకండి. ముందు పోయేవాళ్లను గుడ్డిగా అనుసరించినవాళ్లే ఎక్కువగా తప్పిపోతారు. దారి ఫైలును ఫోనులో ముందే దించుకుని, ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టుకోండి. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది కాబట్టి ఒంటికి దగ్గరగా ఉంచండి.

ప్రశ్న: ఎప్పుడు ఆగిపోవాలి? మధ్యలో మానేస్తే పిరికితనం అనిపిస్తుంది.

జవాబు: ఇది పిరికితనానికీ ధైర్యానికీ సంబంధించిన ప్రశ్న కాదు. ఛాతీ నొప్పి, తికమక, నడక తీరును మార్చేసే కీళ్ల నొప్పి, ముదురు గోధుమ రంగు మూత్రం, ఎంత కప్పుకున్నా తగ్గని చలి, రెండు గంటలుగా చుక్క కూడా కడుపులో నిలవకపోవడం: వీటిలో ఏది ఉన్నా అక్కడితో ఆపండి. మూత్రం రంగు మారిందంటే దెబ్బతిన్న కండరాల సరుకు కిడ్నీల్లోకి పోతోందని భావించి, అదే రోజు వైద్యుణ్ని కలవాలి.

ఇక దిగులు, ఏడుపు, ‘నాకెందుకీ బాధ’ అన్న ఆలోచన. వీటికి మందు చాలాసార్లు తిండే. పిండిపదార్థం ఒక 50 గ్రాములు తిని, పది నిమిషాలు నెమ్మదిగా నడిచి, ఆ తర్వాత నిర్ణయించుకోండి. ఎయిడ్ స్టేషన్‌లో (దారిలో నీళ్లు, తిండి ఇచ్చే చోట) కుర్చీలో కూర్చుని మాత్రం నిర్ణయించుకోవద్దు. చెమట ఆరి, చలి ఎక్కి, లేవడమే కష్టమవుతుంది. లోపలికి పోయేముందే చేయాల్సినవి వేళ్ల మీద లెక్కపెట్టుకోండి: నీళ్లు, తిండి, టేపు, బయటికి. ఐదు నిమిషాలు.

మానేస్తే తప్పకుండా నిర్వాహకులకు చెప్పి, నంబరు అప్పగించి వెళ్లండి. చెప్పకుండా ఇంటికి పోయినవాళ్ల కోసం రాత్రంతా కొండల్లో వెతికే మనుషులుంటారు.

పూర్తిచేసినా, మానేసినా, ఆపిన వెంటనే పొడిబట్టలు మార్చుకోండి, గంటలోపు పిండిపదార్థమూ, 20 నుంచి 30 గ్రాముల ప్రొటీనూ ఉన్నది తినండి. మూత్రం మామూలు రంగులో వచ్చేదాకా నొప్పి మాత్ర ముట్టకండి. మొదటి వారం నడక మాత్రమే. మెట్లు దిగేటప్పుడు తొడ నొప్పి పూర్తిగా పోయాకే మళ్లీ పరుగు మొదలుపెట్టండి. 50 కిలోమీటర్ల కొండదారి తర్వాత చాలామందికి అది రెండు మూడు వారాలు.